మట్టిలేని సేద్యము - పోషక నిదానము

పైరు వన్నె తప్పినప్పుడు రైతు మొదట ఆకును చూచును. పిమ్మట నేలను చూచును. గంజాం జిల్లా ఎర్రనేలలలో తరతరములుగా సేద్యము చేయుచున్న కుటుంబములకు ఈ రెండు చూపులును అలవాటైనవే. పెంట చాలలేదనియో, మడిలో నీరు నిలిచినదనియో, చౌడు పైకి తేలినదనియో వారు నేలను చూచి చెప్పగలరు. మట్టియే లేని సేద్యమున ఈ రెండవ చూపునకు తావు లేదు. అచ్చట వేళ్లు నీటిలో గాని, కొబ్బరి పీచుపొట్టులో గాని, కడిగిన ఇసుకలో గాని ఉండును. మొక్కకు కావలసిన లవణాహారమంతయు మనుష్యుడు తూచి కలిపిన నీటినుండియే అందవలెను. అట్టి మొక్క పాలిపోయినచో దోషమెచ్చట నున్నదో కనుగొనుట ఎట్లు? ఈ వ్యాసమునకు విషయమిదియే.

మట్టి మొక్కను నిలబెట్టు ఆధారము మాత్రమే కాదు. అది గిడ్డంగి కూడ. బంకమట్టి రేణువులును, కుళ్లిన ఆకులు అలములును పొటాసియము, సున్నము, మెగ్నీసియము మొదలగువానిని పట్టి యుంచి కొంచెము కొంచెముగా వేళ్లకు విడుచుచుండును. రైతు ఒక పిడికెడు ఎరువు ఎక్కువ చల్లినను, తక్కువ చల్లినను నేల ఆ తప్పును చాలవరకు కప్పిపుచ్చును. నీటికి ఈ ఓర్పు లేదు. ఉదయము జరిగిన పొరపాటు సాయంకాలమునకు వేళ్లకు తెలియును. ఆకుమీద కనబడుటకు మాత్రము కొన్ని దినములు పట్టును. ఈ వ్యవధిలోనే సేద్యగాడు పొరపాటుపై పొరపాటు చేయును.

ఆకు గుర్తులను చదువు విద్య మట్టిలేని సేద్యమునుండియే పుట్టినదను సంగతి చాలమందికి తెలియదు. 1699లో ఇంగ్లండు దేశమున జాన్ వుడ్‌వర్డ్ అను పండితుడు పుదీన మొక్కలను వాననీటిలోను, నదీజలములోను, తోటమట్టి కలిపిన నీటిలోను పెంచి చూచెను. మట్టి కలిసిన నీటిలోనివి ఎక్కువగా ఎదిగినవి. నీరు ఒక్కటియే మొక్కకు ఆహారమను పాతనమ్మకము దానితో సడలినది. 1860 ప్రాంతమున జర్మను శాస్త్రజ్ఞులు యూలియుస్ సాక్స్, విల్హెల్మ్ క్నోప్ అనువారు లవణములను తూచి నీటిలో కరగించి, మట్టి లేకుండగనే మొక్కలను పెంచగలిగిరి. వారి ఉద్దేశము పంట పండించుట కాదు. మొక్క ఏమి తినునో తెలిసికొనుట. లవణజలమునుండి ఒక్కొక్క పదార్థమును తొలగించి చూచినప్పుడు మొక్క ఒక్కొక్క తీరున బాధ పడినది. ఆ బాధల పట్టికయే నేటి నిదానమునకు మూలము. ఈ పద్ధతిచేతనే 1939లో కాలిఫోర్నియాలో ఆర్నన్, స్టౌట్ అనువారు మాలిబ్డినము మొక్కకు అవసరమని నిరూపించిరి. 1954లో క్లోరినును, 1987లో నికెలును ఈ వరుసలో చేరినవి. గాలినుండియు నీటినుండియు వచ్చు మూడింటిని విడిచి, లవణరూపమున అందవలసిన పదార్థములు నేడు 14 అని లెక్కింపబడుచున్నవి.

పంట కొరకై ఈ పద్ధతిని ప్రచారము చేసినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నుండిన గెరికె. 1937లో దానికి హైడ్రోపోనిక్స్ అను పేరు ప్రచారములోనికి వచ్చెను. పత్రికలు దానిని ఇంద్రజాలము వలె వర్ణించినవి. అదే విశ్వవిద్యాలయమునకు చెందిన హోగ్లండు, ఆర్నన్ అనువారు 1938లో చిన్న పొత్తమొకటి వెలువరించి, మంచి నేలలో పండినదానికంటె నీటిలో పండినది సహజముగా ఎక్కువ కానేరదని స్పష్టపరచిరి. ఆ నిదానపు మాట నేటి ప్రకటనకర్తలకు కూడ వినిపింపదగినది. మన దేశమున షోల్టో డగ్లస్ 1940ల నడుమ బెంగాలులోని కాలింపాంగ్ ప్రాంతమున ప్రయోగములు చేసి, ఇసుక, గులకరాళ్లు, ఇటుకముక్కలతో సామాన్యులు చేసికొనదగిన పద్ధతి నొకదానిని రూపొందించెను. ఆయన గ్రంథము 1951లో వెలువడినది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. పొలసరలో ఒక గృహస్థుడు మేడమీద 50 లీటర్ల తొట్టి నమర్చి, గొట్టములలో పాలకూరయు, పీచుపొట్టు నింపిన కుండీలలో నాలుగు టొమాటో మొక్కలును పెంచుచున్నాడని అనుకొందము. గృహస్థుడు కల్పితుడే, అతడు చేయు పొరపాట్లు మాత్రము కల్పితములు కావు. మొదటి మూడు వారములు మొక్కలు నవనవలాడినవి. ఏప్రిల్ ఎండలు ముదిరినవి. తొట్టిలో నీరు దినమునకు 10 లీటర్ల చొప్పున తరుగుచుండగా అతడు బోరునీరు పోసి నింపుచుండెను. నాలుగవ వారమున లేతాకులు పాలిపోయినవి. ఈనెలు మాత్రము ఆకుపచ్చగనే యున్నవి. ఆకు పాలిపోయినచో యూరియా వేయవలెనని పొలములో నేర్చిన పాఠము. అతడు గుప్పెడు యూరియా వేసెను. లవణబలమును కొలుచు చేతికొలత పరికరమును నీటిలో ముంచి చూడగా అంకె కదలలేదు. చాలలేదేమోనని మరియొక గుప్పెడు వేసెను. పిమ్మట ఎవరో చెప్పగా డి.ఏ.పి. కొంత కరగించి పోసెను. నీరు మజ్జిగ తేట వలె తెల్లబారి, మరునాటికి తేరుకొనినది. అడుగున తెల్లని మడ్డి నిలిచినది. పది దినములలో ముదురాకులు నల్లని ఆకుపచ్చగను, లేతాకులు దాదాపు తెల్లగను మారినవి. టొమాటో కాయల అడుగుభాగము నల్లబడి క్రుంగినది. గృహస్థుడు గొట్టములు ఊడదీసి మూల పడవేసెను. అతనికి కలిగిన నష్టము కొంచెమే. అప్పు తెచ్చి పందిరికప్పు వేసిన యువకుడు ఇదేపని చేసినచో నష్టము వేరుగా నుండును.

నిదానము అను మాటకు వైద్యమున రోగకారణమును నిర్ణయించుట అని అర్థము. వాడుకలో తొందరపడకుండుట అని అర్థము. ఈ విద్యలో రెండర్థములును అవసరమే.

ఆకును చూచునప్పుడు మొదటి ప్రశ్న రంగును గూర్చినది కాదు, స్థానమును గూర్చినది. వాడినది ముదురాకా, లేతాకా? కొన్ని పోషకములు మొక్కలో ఒకచోటినుండి మరియొకచోటికి కదలగలవు. నత్రజని, భాస్వరము, పొటాసియము, మెగ్నీసియము అట్టివి. వీనికి కొరత వచ్చినప్పుడు మొక్క ముదురాకులనుండి వానిని తీసి చిగురులకు పంపును. కావున బాధ మొదట క్రిందియాకులలో కనబడును. సున్నము, ఇనుము, బోరాన్ మొదలగునవి ఒకసారి కుదురుకొన్న చోటినుండి దాదాపు కదలవు. వీనికి కొరత వచ్చినచో ముదురాకులు నిక్షేపముగా నుండగా చిగురు బాధపడును. గంధకము, మాంగనీసు, రాగి, తుత్తునాగము ఈ రెండు తెగలకు నడుమనున్నను లేతాకులవైపే మొగ్గును. పొలసర గృహస్థుడు ఈ ఒక్క ప్రశ్న వేసికొనియున్నచో యూరియా సంచి విప్పియుండడు. నత్రజని లోపించినచో ముదురాకు పాలిపోవలెను. అతని మొక్కలలో పాలిపోయినది లేతాకు.

రెండవ ప్రశ్న పాలిపోయిన తీరును గూర్చినది. ఇచ్చట తెలుగుమాటతో చిన్న చిక్కు కలదు. మన భాషలో పచ్చ యనగా ఆకురంగును అగును, పసుపురంగును అగును. పచ్చని చేను, పచ్చకామెర్లు అని రెండును అందుము. ఆకు పచ్చబడినదని ఒకరు చెప్పగా విన్నవారు బాగుపడినదని సంతోషించుటయు సంభవమే. కావున ఆకుపచ్చ, పసుపుపచ్చ అని విడదీసి చెప్పుకొనుట మంచిది. ఆకంతయు ఈనెలతో సహా సమముగా పసుపుపచ్చబారినచో, ముదురాకైన యెడల నత్రజనియు, లేతాకైన యెడల గంధకమును అనుమానింపవలెను. ఈనెలు ఆకుపచ్చగా నుండి నడిమి భాగము పసుపుబారినచో, ముదురాకైన యెడల మెగ్నీసియము, లేతాకైన యెడల ఇనుము గాని మాంగనీసు గాని తక్కువైనదని తలంపవచ్చును. ముదురాకు అంచులు కాలినట్లు గోధుమరంగునకు మారినచో పొటాసియము. ఆకులు చిన్నవై, ముదురురంగు దేరి, అడుగున ఊదాచాయ తోచినచో భాస్వరము. చలి తగిలిన లేతమొక్కలలో భాస్వరము చాలియున్నను ఈ చాయ రావచ్చును. మొవ్వు చచ్చి, కాడలు పెళుసెక్కినచో బోరాన్.

ఈ పట్టిక కంఠస్థము చేసినంత మాత్రమున నిదానము రాదు. క్రిందియాకు ఒకటి రెండు పసుపుబారి రాలుట ప్రతి మొక్కకును సహజము. మన పెద్దలు దానికి పండుటాకని పేరే పెట్టిరి. నల్లులు రసము పీల్చినను, వైరసు సోకినను ఆకు పాలిపోవును. పోషకలోపము సామాన్యముగా ఒకే వయస్సుగల ఆకులన్నింటిలోను, ఈనెకు ఇరుప్రక్కలను ఒకే తీరుగా కనబడును. ఒకే తొట్టినీరు త్రాగు మొక్కలన్నియు ఇంచుమించు ఒకేసారి బాధపడును. ఒక మొక్క మాత్రము మాడి, ప్రక్కది ఆరోగ్యముగా నున్నచో తొట్టిని నిందింపరాదు. తెగులునో, పురుగునో, మూసికొనిపోయిన గొట్టమునో వెదకవలెను. దీనికి మారుగా, లోపమును తెగులని భ్రమపడుటయు కలదు. హిమాలయ పాదమునందలి తరాయి భూములలో వరిని మాడ్చిన ఖైరా అనునది తుత్తునాగపు లోపమే యని పంతనగర విశ్వవిద్యాలయమున వై. ఎల్. నేనె 1966లో వెల్లడించెను. దానికి మందు తుత్తునాగ లవణమును చల్లుటయే.

ఆకు చెప్పినది సగమే. మిగిలిన సగము నీరు చెప్పవలెను. గృహస్థుని మొక్కలలో ఇనుము లోపించినదని ఆకు చెప్పినది. అట్లని తొట్టిలో ఇనుము లేదా? ఉన్నది. మొక్కకు దొరకలేదు. ఆమ్లక్షారములను తెలుపు పి.హెచ్. అంకె 5.5 మొదలు 6.5 వరకు నున్నప్పుడు పోషకములన్నియు వేళ్లకు చక్కగా అందును. బోరునీటిలో సున్నపు బైకార్బొనేటు ఎక్కువగా నున్నచో దినదినమును పోయుచున్నకొలది ఆ అంకె 7 దాటి పైకి పోవును. మొక్క నైట్రేటును పీల్చుకొనునప్పుడు వేళ్లు విడుచు క్షారము కూడ దీనికి తోడగును. సామాన్యముగా దొరకు ఇ.డి.టి.ఏ. ఇనుము 6.5 వరకే నిలుకడగా నుండును. అది దాటినకొలది విడివడి మొక్కకు దక్కకుండ పోవును. డి.టి.పి.ఏ. ఇనుము 7 వరకు ఓర్చుకొనును. కావున ఇచ్చట కావలసిన ఔషధము ఇనుము కాదు, ఎరువు అంతకంటె కాదు. నీటిలోని క్షారమును విరుచుటయే. దానికి పలుచని ఫాస్ఫారికు ఆమ్లమును గాని నైట్రికు ఆమ్లమును గాని చుక్కలు చుక్కలుగా వాడుదురు. ఆమ్లమును నీటిలో పోయవలెనే కాని నీటిని ఆమ్లములో పోయరాదు. నిమ్మ ఉప్పుచేతను అంకె దిగును గాని, సూక్ష్మజీవులు దానిని తినివేయుటచే కొలది దినములలోనే మరల పైకి వచ్చును.

లవణబలమును కొలుచు పరికరము మాట. అది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహించునో కొలుచును. ఏ లవణమున్నదో చెప్పనేరదు. గృహస్థుని లెక్కయే చూడుడు. బోరునీటిలో లీటరునకు 300 మిల్లీగ్రాముల లవణములున్నవనుకొన్నచో, దినమునకు 10 లీటర్ల చొప్పున 20 దినములలో 200 లీటర్లతో కూడ 60 గ్రాముల లవణములు తొట్టిలో చేరును. నీరు ఆవిరియైపోవును, లవణములు పోవు. 50 లీటర్ల తొట్టిలో అది లీటరునకు 1200 మిల్లీగ్రాములు. మొక్క కొంత తిన్నను, గోడలకు కొంత తెల్లపొరగా అంటినను, మిగిలినది పరికరమున మంచి అంకెను చూపుటకు చాలును. ఈలోగా మొక్క తాను వేగముగా తిను నత్రజని, భాస్వరము, పొటాసియములను ఖాళీ చేసియుండును. గిన్నె నిండుగా కనబడును. అందులో అన్నము లేదు, ఉప్పు మాత్రమున్నది. యూరియా వేసినప్పుడు అంకె కదలకపోవుటకు కారణము వేరు. కరగిన యూరియాకు విద్యుదావేశము లేదు గనుక ఆ పరికరము దానిని చూడనే చూడదు. తరువాత సూక్ష్మజీవులు దానిని అమ్మోనియముగా మార్చును. వేడి నీటిలో అమ్మోనియము హెచ్చినచో వేళ్లకు హాని. అంతేకాక అది సున్నమును లోనికి పోనీయదు.

పోషకములలో ఈ పోటీ చాల కలదు. పొటాసియము హెచ్చినచో మెగ్నీసియమును, సున్నమును వెనుకకు నెట్టును. భాస్వరము హెచ్చినచో ఇనుమును, తుత్తునాగమును అందనీయదు. కావున ఆకుమీద ఒకదాని లోపము కనబడినప్పుడు మరియొకదాని అధిక్యము కారణమేమో విచారింపవలెను. డి.ఏ.పి. పోసినప్పుడు తెల్లగా విరిగినది భాస్వరము, సున్నము కలిసి గట్టిపడిన మడ్డి. రెండును ఒక్కసారిగా వ్యర్థమైనవి. టొమాటో కాయ అడుగు నల్లబడుట సున్నము కాయకు చేరకపోవుటచే వచ్చినది.

సున్నమును గూర్చి కొంచెమాగి చెప్పవలసియున్నది; ఏలనన మన వాతావరణమునకు దీనితో సంబంధము గలదు. సున్నము మొక్కలో నీటితోపాటే పైకెక్కును. ఆకు నీటిని ఆవిరిగా విడుచుచున్నంతవరకే ఆ ప్రయాణము సాగును. వర్షాకాలమున గంజాం ప్రాంతమున గాలి తేమతో బరువెక్కినప్పుడు, అందునను గాలి ఆడని పందిరి క్రింద, ఆకులు ఆవిరిని విడువవు. తొట్టిలో సున్నము సమృద్ధిగా నున్నను లేతాకు అంచులు మాడును. అప్పుడు సున్నపు లవణము కలుపుట వ్యర్థము. గాలి ఆడనిచ్చుటయే చికిత్స. ఎండ తీవ్రమైనప్పుడు ముదురాకులే నీటిని లాగికొనుటచే కాయలకు సున్నము చాలకపోవుట దీనికి విలోమము. ఈ రెండింటికిని ఔషధము సీసాలో లేదు.

వేళ్లను చూడకుండ నిదానము చేయుట నాడి చూడని వైద్యము. ఆరోగ్యమైన వేరు తెల్లగా, గట్టిగా నుండును. గోధుమరంగు, జిగట, దుర్వాసన ఉన్నచో పోషకముల లెక్క తరువాత చూచుకొనవచ్చును. 20 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగా 30 డిగ్రీల నీటిలో సుమారు 7.5 మాత్రమే కరగును. వేడిలో వేరునకు అవసరము పెరుగును, సరఫరా తగ్గును. ఊపిరాడని వేరు పోషకములను పీల్చలేదు. ఆకుమీద ఒకేసారి నాలుగైదు లోపములు కనబడి చదువరిని తికమక పెట్టును. మేడమీది తొట్టికి నీడ కల్పించి, గొట్టములకు తెల్లరంగు వేసి, నీటిని పైనుండి ధారగా పడునట్లు చేసినచో సగము రోగములు ఎరువు లేకయే కుదురును.

గృహస్థుడు గొట్టములు ఊడదీయకముందే ఎవరైన అడ్డుపడియున్నచో చేయవలసిన పని కష్టమైనది కాదు. మడ్డితో సహా తొట్టినీటినంతయు పారబోసి, తొట్టిని కడిగి, దొరకినంతవరకు వాననీటితో గాని శుద్ధిచేసిన నీటితో గాని క్రొత్తద్రావణము కలుపవలెను. ఆ పాతనీరు కొబ్బరిచెట్టు మొదటికి వృథా కాదు. కాల్షియము నైట్రేటును, ఇనుమును ఒక పాత్రలో కరగింపవలెను. గంధకపు లవణములను, భాస్వరపు లవణములను వేరొక పాత్రలో కరగింపవలెను. చిక్కగా నున్నప్పుడు రెండును కలిసినచో విరుగును. నిండుతొట్టిలో పలుచబడిన పిమ్మట కలిసినను దోషము లేదు. ఈ లవణములలో చాలవాటికి పచారీ కొట్లలో పాతపేర్లు గలవు: పొటాసియము నైట్రేటు సురేకారము, రాగి లవణము మైలుతుత్తము, ఇనుప లవణము అన్నభేది, బోరాన్ ఉన్నది వెలిగారము. పిల్లలకు ఈ పేర్లు చెప్పినచో రసాయనశాస్త్రము తమ ఇంటిదని తోచును. అయితే కొట్టుసరుకు శుద్ధి తెలియదు కనుక తొట్టికి మాత్రము ఎరువులుగా అమ్ము శుద్ధలవణములనే వాడవలెను. బోరాన్, రాగి విషయమున మరింత జాగ్రత్త అవసరము. హోగ్లండు ద్రావణమున లీటరునకు నత్రజని 210 మిల్లీగ్రాములుండగా బోరాన్ అర మిల్లీగ్రాము, రాగి మిల్లీగ్రాములో 50వ వంతు మాత్రమే. చిటికెడు హెచ్చినను విషమగును.

అనుమానము తీరనప్పుడు ఒకే మొక్కను వేరుచేసి దానికి మాత్రమే మార్పు చేసి చూచుట మేలు. ఒకేసారి రెండు మార్పులు చేసినచో ఏది పని చేసినదో తెలియదు. ఆరోగ్యమైన ఆకును, రోగియైన ఆకును అదే వయస్సువి ఏరి పరీక్షాశాలకు పంపుట అంతకంటె మేలు. తేదీ, పి.హెచ్. అంకె, లవణబలము, పోసిన నీరు ఇన్ని లీటర్లని ఒక నోటుపుస్తకమున వ్రాసికొనువాడు ఆకుకంటె ముందుగానే దోషమును కనుగొనగలడు.

మార్పు ఫలించినదా యని పాతయాకులను చూచి నిర్ణయింపరాదు. బాగా పాలిపోయిన ఆకు, అంచు మాడిన ఆకు మరల ఆకుపచ్చరంగు తేరుట అరుదు. నల్లబడిన కాయ బాగుపడనే పడదు. అట్టి కాయలను కోసివేసి, క్రొత్తగా విచ్చు ఆకునే చూడవలెను. నీరు సరిపడినచో అది వారము పది దినములలో ఈనెలకును నడిమి భాగమునకును భేదము లేకుండ ఒకే రంగున విప్పారును.